ప్యాలెస్‌లో ఆఫీసు: హైదరాబాద్‌కి ఇది కొత్త కాదు

పాత భవనాలను కూల్చకుండా ఆధునిక ఆఫీసులుగా మార్చాలన్న మాట ఈమధ్య గట్టిగా వినిపిస్తోంది. హైదరాబాద్ ఈ పని డెబ్బై ఏళ్ల కిందటే మొదలుపెట్టింది. కాకపోతే ఇష్టపడి కాదు, అవసరం కొద్దీ.

1948లో నిజాం పాలన ముగిసింది. మరుసటి ఏడాది జాగీర్లు (నవాబులకు నిజాం ఇచ్చిన భూములు) రద్దయ్యాయి. ఆ భూముల ఆదాయం మీదే నిలబడ్డ దేవిడీలు అనే పెద్ద నివాసాలు, ప్యాలెస్‌లు నవాబుల కుటుంబాలకు మోయలేని బరువయ్యాయి. 1956లో నగరం ఆంధ్రప్రదేశ్ రాజధాని కాగానే ప్రభుత్వానికి ఉన్నపళంగా ఆఫీసులు కావలసి వచ్చాయి. అలా దర్బారు గదుల్లోకి బీరువాలు, టేబుళ్లు చేరాయి. నవాబ్ ఫక్రుల్ ముల్క్ కట్టించిన ఎర్రమంజిల్‌లో ఇంజనీరింగ్ శాఖలు కూర్చున్నాయి. 1888లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కట్టించిన సైఫాబాద్ ప్యాలెస్ సచివాలయంలో జి బ్లాక్ అయింది. ఉడుము అడ్డొచ్చిందని, అది అపశకునమని నిజాం అందులో కాపురమే పెట్టలేదని నగరంలో ఒక కథ ఉంది. రాజు ఉండని ఆ ఇంట్లోనే తర్వాత పలువురు ముఖ్యమంత్రులు పనిచేశారు.

చిక్కంతా వాడిన తీరులో ఉంది. ఈ గోడలు డంగు సున్నంతో కట్టినవి. సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపి రుబ్బేవారు. అలాంటి గోడ వానాకాలం పీల్చిన తేమను ఎండాకాలం బయటికి వదిలేస్తుంది. పెచ్చు ఊడినప్పుడల్లా పైన సిమెంటు మెత్తడంతో ఆ తేమ లోపలే చిక్కుకుంది, సున్నం గుల్లబారింది. వరండాలకు ప్లైవుడ్ అడ్డు కట్టారు, వెంటిలేటర్లు మూశారు, ఏసీల కోసం గోడలకు కన్నాలు పెట్టారు. పైకప్పు మీద మొలిచిన రావి మొక్కను పీకే పని మాత్రం ఎవరిదీ కాకపోయింది. చివరికి 'శిథిలమైంది, పనికిరాదు' అని నివేదిక. శిథిలం చేసింది వయసు కాదు, పట్టించుకోకపోవడం.

చట్టం కథ కూడా అలాగే నడిచింది. హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) 1981లో తెచ్చిన జోనింగ్ (ఏ స్థలాన్ని దేనికి వాడాలో చెప్పే) నిబంధనల్లో 1995లో 13వ నిబంధన చేరింది. జాబితాలోని వారసత్వ కట్టడాన్ని అనుమతి లేకుండా ముట్టుకోకూడదన్నది దాని సారం. 2015 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. 2017లో కొత్త వారసత్వ చట్టం వచ్చింది. 2019 జూన్‌లో ఎర్రమంజిల్ స్థలంలో కొత్త అసెంబ్లీకి శంకుస్థాపన జరిగింది. పౌరులు కోర్టుకెళ్లారు. ఆ ఏడాది సెప్టెంబరులో హైకోర్టు దాన్ని కూల్చాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టేసింది. ఎర్రమంజిల్ బతికింది. సైఫాబాద్ ప్యాలెస్‌కు ఆ అదృష్టం లేకపోయింది, 2020 జులైలో పాత సచివాలయంతో పాటు నేలమట్టమైంది. దాని చోట లేచిన కొత్త సచివాలయం 2023లో తెరుచుకుంది, దానికి గ్రీన్ బిల్డింగ్ (పర్యావరణానికి తక్కువ హాని చేసే భవనం) గోల్డ్ రేటింగ్ కూడా వచ్చింది.

నాకు బాధ కలిగేది ఇక్కడే. గ్రీన్ భవనాల్లో మన నగరానికి మంచి పేరుంది. లీడ్ అనేది అమెరికాలో పుట్టిన గ్రీన్ భవనాల రేటింగ్, అందులో ప్లాటినం అన్నిటికన్నా పైస్థాయి. అమెరికా బయట మొట్టమొదటి ప్లాటినం రేటింగ్ 2003లో హైదరాబాద్‌లోని సీఐఐ-సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌కే దక్కింది. కానీ కొత్త భవనం కరెంటు ఎంత పొదుపు చేసినా, దాని సిమెంటు, ఉక్కు తయారీలో వెలువడ్డ కర్బనం అప్పును ఆ పొదుపుతో తీర్చడానికి చాలా ఏళ్లు పడుతుంది. పాత భవనానికి ఆ అప్పు ఎప్పుడో తీరిపోయింది. దాన్ని కూల్చితే ఆ రాళ్లకూ శ్రమకూ విలువ లేకుండా పోయి, శిథిలాల గుట్ట మిగులుతుంది.

కుదరదంటారా? బేగంపేటలో 'పైగా' అనే నవాబు వంశం ప్యాలెస్ చూడండి. ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించిన ఆ వంశపు నవాబు వికార్ ఉల్ ఉమ్రాదే అది కూడా. కొన్నాళ్లు హుడా ఆఫీసుగా ఉంది. 2008 నుంచి 2023 దాకా అమెరికా కాన్సులేట్ అక్కడే నడిచింది. వీసా టెన్షన్‌తో ఎంతోమంది తెలుగు పిల్లలు ఆ గేటు ముందే నిలబడ్డారు. కట్టుదిట్టమైన భద్రత, కంప్యూటర్లు, రోజూ జనం, అన్నీ ఆ పాత గోడల మధ్యే సాగాయి. న్యూయార్క్‌లో 1931 నాటి ఎంపైర్ స్టేట్ భవనాన్ని 2009లో మొదలుపెట్టి బాగుచేసినప్పుడు 6,514 కిటికీలను బయట పారేయకుండా అక్కడే విప్పి కొత్తగా అమర్చారు. మొత్తం ఇంధన వాడకం 38 శాతం దాకా తగ్గించాలన్నది లక్ష్యం.

మన ప్యాలెస్‌లకు పని ఇంకా తేలిక, ఎందుకంటే అవి ఎండను తట్టుకోవడానికే పుట్టాయి. ముందు పైకప్పు కారడం ఆపాలి, సిమెంటు గీకేసి మళ్లీ సున్నం వేయాలి, మూసిన వరండాలు, వెంటిలేటర్లు తెరవాలి. అంత ఎత్తు గది మొత్తాన్నీ చల్లబరచడం వృథా. పైన ఫ్యాన్లు, మనిషి కూర్చునే ఎత్తులో మాత్రమే ఏసీ చాలు. వైర్లు గోడ తొలవకుండా, నేల మీద లేపిన పలకల కింద నుంచి వెళ్లొచ్చు. లిఫ్టు, మరుగుదొడ్లు, అగ్నిప్రమాదంలో దిగే మెట్లు వెనకవైపు విడిగా, తర్వాత తీసేయగలిగేలా కడితే సరిపోతుంది. దీనికి సున్నం పని తెలిసిన మేస్త్రీలు కావాలి, వాళ్లు తగ్గిపోతున్నారు. ప్రభుత్వ టెండర్లలో సున్నం పనికి ఒక రేటు, ఒక శిక్షణ ఖర్చు రాయడం దగ్గర్నుంచి ఇది మొదలవ్వాలి. గ్రీన్ రేటింగ్ ఇచ్చేవాళ్లు కూడా కొత్త భవనానికి మార్కులు వేసే ముందు, ఆ స్థలంలో ఏం కూల్చారో లెక్కలోకి తీసుకోవాలి.