కాలేజీ అంతా వైఫై: అపోహలు, వాస్తవాలు

చిన్న కాలేజీలకు నెట్‌వర్క్ వేయడం నా పని. రెండు మూడు బ్లాకులు, ఒక హాస్టల్, ఆరేడు వందల మంది పిల్లలు ఉండే డిగ్రీ కాలేజీలే ఎక్కువ. ఎక్కడికి వెళ్ళినా దాదాపు ఇవే మాటలు వింటాను. కొటేషన్ అడిగే ముందే అసలు సంగతి తెలిస్తే డబ్బు వృథా కాదు కదా అని రాస్తున్నాను.

అపోహ: పెద్ద ప్లాన్ తీసుకుంటే వైఫై స్పీడు దానంతట అదే వస్తుంది.

బయటి నుంచి వచ్చే లైను వేరు, గదిలో గాలి మీద నడిచే వైఫై వేరు. స్థూలంగా చెప్పాలంటే, ఒక ఛానెల్‌లో (వైఫై వాడుకునే రేడియో దారిలో) ఒకసారి ఒక్క పరికరమే మాట్లాడుతుంది. మిగతావి వంతు కోసం ఆగుతాయి. అరవై మంది ఉన్న క్లాసులో అందరూ ఒకేసారి వీడియో తెరిస్తే రద్దీ ఆ గదిలోనే మొదలవుతుంది. లైను 100 నుంచి 500 ఎంబీపీఎస్‌కు పెంచినా అది తగ్గదు.

అపోహ: అయితే వైఫై బాక్సులు ఎక్కువ పెడితే సరి.

ఎక్కువ పని చెడేది ఇక్కడే. వైఫై ప్రధానంగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు రేడియో బ్యాండ్లలో నడుస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడని ఛానెళ్ళు మూడే: 1, 6, 11. కేబుల్ లాగడం తేలికని వరండాలో వరసగా పది యాక్సెస్ పాయింట్లు (ఆ వైఫై బాక్సులే) పెడతారు. వరండాలో అడ్డు ఉండదు కాబట్టి అవన్నీ ఒకదాని మాట ఒకటి స్పష్టంగా వింటాయి, ఒకటి మాట్లాడుతుంటే అదే ఛానెల్‌లో ఉన్నవి ఆగిపోతాయి. పిల్లలు కూర్చునే గదిలోకి మాత్రం గోడ దాటి నీరసంగా చేరుతుంది. నేనైతే క్లాసు లోపలే పెట్టి, పవర్ తగ్గించి, వీలైనంత మందిని 5 గిగాహెర్ట్జ్‌కు మారుస్తాను. అక్కడ ఛానెళ్ళు చాలా ఎక్కువ. పైగా గోడలు ఆ సిగ్నల్‌ను బాగా అడ్డుకుంటాయి, పక్క గదితో గొడవ ఉండదు.

పవర్ ఎక్కువున్న బాక్సు ఒకటి మేడ మీద పెట్టమని అడిగేవాళ్ళూ ఉన్నారు. మైకు పట్టుకున్నాయన మాట ఊరంతా వినిపిస్తుంది, చివరి వరసలో కూర్చున్నవాడి జవాబు ఆయనకు వినిపించదు. ఫోన్ పరిస్థితి ఆ చివరి వరసవాడిదే. దాని చిన్న గొంతు మేడ దాకా చేరాలి కదా.

అపోహ: సిగ్నల్ గీతలు నిండుగా ఉంటే నెట్ బాగున్నట్టే.

ఒక కాలేజీలో ఉదయం పదకొండు దాకా అంతా బాగుండేది. తర్వాత వచ్చినవాళ్ళకు సిగ్నల్ ఫుల్లుగా ఉన్నా ఫోన్ "ఐపీ అడ్రస్ తీసుకుంటోంది" దగ్గరే ఆగిపోయేది. అందరికీ టెన్షన్, యాక్సెస్ పాయింట్లు పాడయ్యాయని. నెట్‌వర్క్‌లో చేరే ప్రతి ఫోన్‌కూ రౌటర్ ఒక నంబరు ఇస్తుంది, అదే ఐపీ అడ్రస్. చూస్తే, ఇంట్లో వాడే రౌటర్ సెట్టింగే అక్కడా ఉంది: దాదాపు 250 అడ్రస్‌లు, ఒక్కోటి 24 గంటల పాటు ఒకరి పేరుకే. ముందు వచ్చిన పరికరాలతోనే కోటా అయిపోయింది. ఇంటికి వెళ్ళిపోయినవాళ్ళ అడ్రస్‌లు కూడా రాత్రంతా పట్టుబడే ఉన్నాయి. అడ్రస్‌లు పెంచి, గడువు రెండు గంటలకు తగ్గించాం. పైసా ఖర్చు కాలేదు.

అపోహ: వైఫై కాబట్టి వైర్ల పని ఉండదు.

బడ్జెట్లో పెద్ద భాగం వైర్లకే పోతుంది, పోనివ్వండి. ప్రతి యాక్సెస్ పాయింట్‌కూ ఒక కేబుల్ వెళ్ళాలి. మామూలుగా వాడే క్యాట్ 6 రకం రాగి నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్ల లోపే నమ్మదగినది. బ్లాకుకూ బ్లాకుకూ మధ్య రాగి కేబుల్ లాగారంటే దగ్గర్లో పిడుగు పడినప్పుడు రెండు వైపుల నెట్‌వర్క్ స్విచ్‌లూ (కేబుళ్ళన్నీ కలిసే పెట్టెలు) కాలిపోయే ప్రమాదం ఉంది. అక్కడ ఫైబరే వేయాలి, అది విద్యుత్తును మోయదు. కేబుల్ ద్వారానే కరెంటు ఇచ్చే పీఓఈ స్విచ్ పెట్టి, దాన్ని యూపీఎస్‌కు కలిపితే కరెంటు పోయినా వైఫై ఆగదు.

రేడియేషన్ గురించి తల్లిదండ్రులు అడుగుతారు. 2.4 గిగాహెర్ట్జ్‌లో యాక్సెస్ పాయింట్ సాధారణంగా 100 మిల్లీవాట్ల దగ్గర పనిచేస్తుంది, అదీ సీలింగ్ మీద. చెవికి ఆనించుకునే 4జీ ఫోన్ గరిష్ఠంగా 200 మిల్లీవాట్లు పంపగలదు.

అపోహ: అందరికీ ఒకే పాస్‌వర్డ్ చాలు.

మొదటి రోజు సాయంత్రానికల్లా అది బస్టాండ్ దాకా పాకుతుంది. ఏదైనా తప్పు జరిగితే ఎవరు చేశారో చెప్పలేరు. ఒక్కరి కోసం మార్చాలన్నా వందల మందికి మళ్ళీ చెప్పాలి. ఒక్కో విద్యార్థికి ఒక్కో లాగిన్ ఇవ్వండి. దానికి కావలసిన, లాగిన్‌లు సరిచూసే ఫ్రీరేడియస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఒక మామూలు కంప్యూటర్ చాలు. అది నడిచాక ఇంకో తలుపు తెరుచుకుంటుంది. ఎడ్యురోమ్ అంటే విద్యాసంస్థలు ఒకరి వైఫైని ఒకరి విద్యార్థులకు తెరిచే ఏర్పాటు. మన దేశంలో ఈ సేవను ఎర్నెట్ ఇండియా అనే ప్రభుత్వ సంస్థ నడుపుతోంది. కాలేజీ అందులో చేరితే, మన పిల్ల సెమినార్‌కని ఎడ్యురోమ్ ఉన్న మరో యూనివర్సిటీకి వెళ్ళినప్పుడు ఎవరినీ పాస్‌వర్డ్ అడగక్కర్లేదు. తన కాలేజీ లాగిన్‌తోనే అక్కడ ఫోన్ కనెక్ట్ అవుతుంది.