కాలి ఎముకతో కొత్త దవడ

నోటి క్యాన్సర్ కింది దవడలోకి పాకితే కణితితో పాటు ఆ ఎముకనూ కొంత కోసేయక తప్పదు. చెంప పక్క ముక్క పోతే ఒక రకం, గడ్డం దగ్గరి వంపు పోతే మరీ కష్టం. నాలుకకు ముందువైపు ఆనిక పోయి వెనక్కి జారుతుంది, ఊపిరికి అడ్డు పడవచ్చు. కింది పెదవి నిలవదు, చొంగ కారుతూనే ఉంటుంది. ఖాళీని ఒట్టి టైటానియం ప్లేటుతో కలిపి ఊరుకుంటే, రేడియేషన్ పడి పలచబడిన చర్మాన్ని ఒరుసుకుని కొన్నాళ్లకు ఆ లోహం బయటికి వచ్చే ప్రమాదం ఉంది.

అందుకే సర్జన్లు కాలి వంక చూస్తారు. మోకాలి కింద ఉండే రెండు ఎముకల్లో బరువు చాలావరకు మోసేది పెద్దదే. పక్కనున్న సన్నని ఫిబులాలో మోకాలి దగ్గర, చీలమండ దగ్గర ఆరేడు సెంటీమీటర్ల చొప్పున వదిలేసి నడిమి భాగం తీసుకున్నా మనిషి నడవగలడు. ఈ ఎముకతో దవడను తిరిగి కట్టిన అనుభవాన్ని అమెరికా సర్జన్ డేవిడ్ హిడాల్గో 1989లో ప్రచురించారు.

ఫిబులా నిటారుగా ఉంటుంది, దవడేమో వంపు. వడ్రంగి చట్రం మూల కలిపినట్టు, ఎముకను ఏటవాలుగా రెండు మూడు చోట్ల కోసి, వంచి, ప్లేటుకు మరలతో బిగిస్తారు. ఇప్పుడు చాలాచోట్ల స్కాన్ చూసి కోత కొలతలన్నీ ముందే కంప్యూటర్‌లో తేల్చుకుంటున్నారు.

నా దృష్టిలో అసలు విద్య ఇది కాదు, ఎముకను బతికుండగా తరలించడం. దానితో పాటు తెచ్చిన ధమనిని, సిరను మెడలోని నాళాలకు కలపాలి. రెండు మూడు మిల్లీమీటర్ల గొట్టాలవి. మైక్రోస్కోప్ కింద, తలవెంట్రుక కన్నా సన్నని దారంతో కుడతారు.

ఆ రాత్రంతా నర్సు గంట గంటకూ నోట్లోకి లైటు వేసి చూస్తుంది. ఎముకతో పాటు తెచ్చి నోటి లోపల కుట్టిన చర్మం ముక్కే ఆమెకు ఆనవాలు. వేలితో నొక్కి వదిలితే రంగు ఎంతసేపటికి తిరిగొస్తోంది? పాలిపోతే ధమని మూసుకుందేమోనని, నీలంగా ఉబ్బితే సిరలో గడ్డ కట్టిందేమోనని అనుమానం. వెంటనే మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్తే చాలాసార్లు దక్కించుకోవచ్చు. తొలి రెండు మూడు రోజులే గండం.

అది గట్టెక్కితే ఎముక అతుక్కుంటుంది, తర్వాత అందులో పళ్లు కూడా నాటవచ్చు. చర్మం మాత్రం తన పుట్టిల్లు మరవదు. దానికి రుచి తెలియదు, పైగా కొందరికి నోట్లో వెంట్రుకలు మొలుస్తాయి. రేడియేషన్ పడితే అవీ చాలావరకు రాలిపోతాయి.