సొమ్ము విజయనగరానిది, చదువు ఆక్స్‌ఫర్డ్‌ది

కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం మాటెత్తితే విజయనగరంలో భవనాల సంగతే ముందుకొస్తుంది. 2019లో చట్టంతో వచ్చిన ఆ సంస్థలో ఎవరి గురించి చదవాలి, ఏ భాషలో చదవాలి అన్నది వెనకబడిపోతుంది. ఆ ప్రశ్న మాత్రం ఈ ప్రాంతానికి కొత్తది కాదు.

సాయణుడి వ్యాఖ్యతో ఆక్స్‌ఫర్డ్ పండితుడు మాక్స్‌ముల్లర్ అచ్చు వేయించిన ఋగ్వేదం మొదటి ముద్రణకు డబ్బు పెట్టింది ఈస్టిండియా కంపెనీ. 1890-92లో వచ్చిన రెండో ముద్రణ ఖర్చు మన విజయనగరం ఆనంద గజపతి మహారాజుది. ముఖపత్రం మీద ‘విజయనగర మహారాజు’ అని ఉంటుంది కాబట్టి హంపి అని పొరబడితే తప్పేం లేదు. ముల్లర్ మాత్రం భారతదేశంలో ఏనాడూ కాలు పెట్టలేదు. ఆసియాను చదవడమంటే అప్పట్లో పాత గ్రంథాలు చదవడమే, మనుషులతో పనిలేదు.

మనుషులతోనే పని పెట్టుకున్నాయన గిడుగు రామమూర్తి. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో మాస్టారు అయ్యారు. అక్కడి కొండల్లోని గిరిజనులు సవరలు మాట్లాడేది వినీ వినీ, తెలుగు వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లోనూ, సవర-ఇంగ్లిష్ నిఘంటువు 1938లోనూ వెలువడ్డాయి. మనం ఆయన్ను వ్యావహారిక భాషకే పరిమితం చేశాం గానీ, నన్నడిగితే సవర పని అంతకు తక్కువేం కాదు.

ఎందుకంటే సవర తెలుగులా ద్రావిడ భాష కాదు, సంతాలీ లాంటి ముండా భాష. దాని చుట్టాలు వియత్నాం, కంబోడియా దాకా ఉన్నారు. కంటిని సంతాలీలో ‘మెత్’ అంటే, వియత్నాంలో ‘మత్’ అంటారు. ఈ కుటుంబానికి ఆస్ట్రోఏషియాటిక్ అన్న పేరును 1906లో విల్‌హెల్మ్ ష్మిట్ స్థిరపరిచారు. అంటే ఆసియా చరిత్రలో ఒక పెద్ద ముడి సవరలుండే సీతంపేట కొండల్లోనూ ఉందన్నమాట.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆసియా చదువుల మీద పెత్తనం అమెరికాకు మారింది. ప్రచ్ఛన్న యుద్ధం రోజుల్లో ఆసియా భాషలు వాళ్లకు రక్షణ అవసరమయ్యాయి. ఆ చదువులకు డబ్బిచ్చేందుకు 1958లో వచ్చిన చట్టం పేరులోనే ‘జాతీయ రక్షణ విద్య’ అని ఉంది. మనకు పీఎల్-480 అనే అమెరికా ఆహార సాయం చట్టం కింద గోధుమలు వచ్చేవి, వాటికి మనం రూపాయల్లో కట్టేవాళ్లం. అందులో కొంత సొమ్ముతో 1962 నుంచి ఇక్కడి పుస్తకాలు కొని అమెరికా లైబ్రరీలకు పంపారు, తెలుగువి కూడా. రొట్టె తిన్నది మనం, పుస్తకాలు వాళ్ల బీరువాల్లో చేరాయి. అలా పెరిగిన విభాగాల్లో ఒకటైన విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోనే వెల్చేరు నారాయణరావు దశాబ్దాల పాటు తెలుగు చెప్పారు. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన కన్యాశుల్కాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చిందీ ఆయనే.

ఇక సవర సంగతి. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది, గిడుగు రాజమండ్రి వెళ్లిపోయారు. అదే ఏడాది అటువైపు మంగేయి గొమాంగో సవరకు సొంత లిపి తయారుచేశారు. ఇటువైపు సవర పిల్లల వాచకాలు తెలుగు లిపిలోనే ఉన్నాయి. రేపు గిరిజన విశ్వవిద్యాలయంలో సవర శాఖ పెడితే మొదటి పేచీ అక్కడే వస్తుంది.