రాయని రోజుల లెక్క

కథ సగంలో ఆగిపోయింది. రోజులు గడుస్తున్నా తర్వాతి వాక్యం రావడం లేదు. అలాంటప్పుడు రాసేవాళ్లలో కొందరు ఇంకాస్త మొండిగా కుర్చీకి అతుక్కుంటారు. మరికొందరు రాయడం మానేసి, మానేసినందుకు రోజంతా తమను తామే తిట్టుకుంటూ తిరుగుతారు. ఈ రెండోదానికి విశ్రాంతి అని పేరు పెట్టుకుంటాం కానీ, అందులో విశ్రాంతి పాలు చాలా తక్కువ.

రాసేవాళ్ల మీదే నేరుగా చేసిన పరిశోధన ఒకటి ఉంది. షెల్లీ గేబుల్, జొనాథన్ స్కూలర్ బృందం దాన్ని 2019లో ప్రచురించింది. వృత్తి రచయితలనూ భౌతిక శాస్త్రవేత్తలనూ ప్రతిరోజూ కొన్ని ప్రశ్నలు అడిగారు. ఇవాళ మీకు తట్టిన ఆలోచనల్లో ముఖ్యమైనది ఏది? అది తట్టినప్పుడు ఏం చేస్తున్నారు? మనసు దేని మీద ఉంది? జవాబులు లెక్కేస్తే, దాదాపు ఐదో వంతు ఆలోచనలు వేరే ఏదో పనిలో ఉండి, మనసు ఇంకెక్కడో తిరుగుతున్నప్పుడు వచ్చాయి. అవి మిగతావాటికంటే గొప్పవని వాళ్లేమీ అనలేదు. తేడా ఇంకోచోట ఉంది. ఎక్కడో ఇరుక్కుపోయి ఉన్న ముడి విడిపోయి, ‘ఓహో, ఇదా సంగతి’ అనిపించిన సందర్భాలు వీటిలో ఎక్కువ.

మరి మిగిలిన నాలుగు వంతులు? పని చేస్తుండగానో, పని గురించి ఆలోచిస్తుండగానో వచ్చినవే. విశ్రాంతిని మెచ్చుకుంటూ రాసేవాళ్లు ఈ సంగతి ఎందుకో చెప్పరు.

గణిత శాస్త్రవేత్త హెన్రీ పాయింకరే 1908లో పారిస్‌లో మనస్తత్వ శాస్త్రవేత్తల ముందు ఒక ఉపన్యాసం ఇచ్చాడు. ఒక గణిత సమస్య మీద పదిహేను రోజులు ప్రతిరోజూ బల్ల ముందు కూర్చుని ఎలా పెనుగులాడాడో అందులో చెప్పాడు. కొంత తేలాక, ఒక ప్రయాణంలో గణితం సంగతే మరిచిపోయాడు. కూటాన్స్ అనే ఊళ్లో గుర్రపు బస్సు మెట్టు మీద కాలు పెట్టిన క్షణంలో, అంతకుముందు ఆలోచనలతో ఏ సంబంధమూ లేకుండా, కీలకమైన సూత్రం తట్టింది. ఈ కథ వినగానే అందరికీ బస్సు మెట్టే గుర్తుంటుంది. పాయింకరే మాత్రం ముందు పడిన శ్రమను కూడా గట్టిగా చెప్పాడు. మనకు తెలియకుండా మనసు చేసే పని ఫలించాలంటే, దానికి ముందు తెలిసి చేసిన శ్రమ ఉండాలి, తర్వాత కూడా ఉండాలి అన్నది ఆయన మాట. 1926లో గ్రాహం వాలస్ అనే ఆంగ్ల రచయిత, ఈ రెండు శ్రమల నడుమ ఉండే దశకు, గుడ్డు పొదగడం అనే అర్థం వచ్చే ‘ఇంక్యుబేషన్’ అనే పేరు వాడాడు. ఈనాటికీ శాస్త్రవేత్తలు అదే వాడుతున్నారు.

పేరు బాగానే ఉంది, అసలు అలాంటిది ఉందా? 2009లో సియో, ఆర్మెరాడ్ అనే ఇద్దరు పరిశోధకులు అప్పటికి జరిగిన 117 ప్రయోగాలను కలిపి చూశారు. ఉందనే తేలింది. విరామానికి ముందు సమస్యతో ఎంత ఎక్కువసేపు కుస్తీ పడితే, విరామం అంత ఎక్కువగా పనికొచ్చింది.

ఎందుకిలా జరుగుతుంది? ఒక వివరణ మతిమరుపు. మీ కథలో ఒక ఉత్తరం ఉంది, అది కూతురి చేతికే దొరకాలని మీరు మూడో అధ్యాయంలోనే నిర్ణయించేసుకున్నారనుకోండి. ఇక రోజూ కూర్చున్నప్పుడల్లా మెదడు ఆ దారినే పట్టుకుంటుంది. అది మూసుకుపోయిన దారి అని తెలిసినా వదలదు. కొన్నాళ్లు ఆ కథ జోలికి వెళ్లకపోతే ఆ పట్టు సడలుతుంది. తిరిగి వచ్చి చూసినప్పుడు, అసలు ఉత్తరం ఎవరికీ దొరక్కపోతే ఏమవుతుందన్న ప్రశ్న మొదటిసారి కనిపిస్తుంది. ఇక్కడ మతిమరుపు మనకు మేలే చేస్తోంది.

రెండో వివరణ మెదడు ఖర్చు పెట్టే శక్తికి సంబంధించింది. శరీరం బరువులో మెదడు సుమారు 2 శాతమే అయినా, మనం ఖాళీగా కూర్చున్నప్పుడు శరీరం వాడే శక్తిలో దాదాపు 20 శాతం అదే తీసుకుంటుంది. ఏకాగ్రతతో పని చేసినప్పుడు ఆ ఖర్చు పెరిగేది చాలా కొద్దిగా, సాధారణంగా 5 శాతం లోపే. అంటే ఖాళీగా ఉన్నప్పుడు కూడా మెదడు ఖాళీగా లేదు. 2001లో మార్కస్ రైకిల్ బృందం, బయటి పని లేనప్పుడే చురుగ్గా ఉండే కొన్ని మెదడు భాగాలను గుర్తించి, ఆ స్థితిని ‘డిఫాల్ట్ మోడ్’ అంది. పాత జ్ఞాపకాలు, రేపటి ఊహలు, ఎదుటివాళ్ల మనసులో ఏముందో అన్న అంచనాలు ఆ భాగాల్లోనే ఎక్కువగా నడుస్తాయి. కథ రాసేవాళ్లకు కావలసిన ముడిసరుకు కూడా అదే కదా.

నడక సంగతి కూడా చెప్పాలి. 2014లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ప్రచురించిన ప్రయోగాల్లో, కూర్చున్నప్పటికంటే నడుస్తున్నప్పుడు కొత్త ఆలోచనలు సగటున 60 శాతం ఎక్కువ వచ్చాయి. గోడకేసి చూస్తూ ట్రెడ్‌మిల్ మీద నడిచినా పనిచేసింది. అయితే ఒకే ఒక్క సరైన జవాబు వెతకాల్సిన పనిలో నడక సాయపడలేదు. కాబట్టి కథ అల్లుకోవడానికి నడవండి. ప్రూఫులు దిద్దడానికి మాత్రం కూర్చోవాల్సిందే.

నిద్ర లెక్క ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 2004లో జర్మనీలో ఒక అంకెల లెక్క ఇచ్చి, అందులో దాగిన అడ్డదారిని ఎంతమంది కనిపెడతారో చూశారు. మధ్యలో రాత్రి నిద్రపోయినవాళ్లలో 59 శాతం, మేలుకుని ఉన్నవాళ్లలో 23 శాతం కనిపెట్టారు. 2021లో పారిస్ పరిశోధకులు అలాంటి లెక్కే ఇచ్చి, మధ్యలో 20 నిమిషాల విరామం ఇచ్చారు. అప్పుడే కునుకు పట్టే దశలో పదిహేను సెకన్లయినా ఉన్నవాళ్లలో 83 శాతం ఆ కిటుకు పట్టేశారు. పూర్తిగా మేలుకుని ఉన్నవాళ్లలో 31 శాతం. కునుకు దాటి ఇంకా లోతుగా వెళ్లిపోయినవాళ్లలో 14 శాతమే!

ఇదంతా చదివి కలం అటకెక్కించేద్దామనుకునేవాళ్లు 1983 నాటి రాబర్ట్ బోయిస్ ప్రయోగం కూడా వినాలి. ఆయన విశ్వవిద్యాలయాల అధ్యాపకులతో ఇది చేశాడు. కొందరిని అసలు రాయవద్దన్నాడు. కొందరిని బుద్ధి పుట్టినప్పుడే రాయమన్నాడు. మిగతావాళ్లకు రోజూ రాయక తప్పని షరతు పెట్టాడు. కొత్త ఆలోచనలు అందరికంటే ఎక్కువ వచ్చింది షరతు ఉన్నవాళ్లకు, తక్కువ వచ్చింది రాయవద్దన్నవాళ్లకు. దీనికీ పైన చెప్పినవాటికీ పేచీ లేదని నా అభిప్రాయం. లోపల నలుగుతున్నదేదో ఉంటేనే విరామానికి పని ఉంటుంది.

ఇక తిట్టుకునే విషయం. తప్పు చేస్తున్నానన్న భావనతో తీసుకున్న సెలవు, ఇంజిన్ ఆపకుండా సిగ్నల్ దగ్గర నిలబెట్టిన బండి లాంటిది. కదలదు, పెట్రోలు మాత్రం అయిపోతుంది. ఉద్యోగుల అలసట మీద ఏళ్ల తరబడి పనిచేసిన జర్మన్ శాస్త్రవేత్త సబీనా జొన్నెన్‌టాగ్ చూపించింది కూడా ఇలాంటిదే. ఆఫీసు నుంచి ఇంటికి రావడం సరిపోదు, మనసు కూడా పనిని వదలాలి. అప్పుడే మనిషి తేరుకుంటాడు. 2010లో కెనడాలో విద్యార్థుల మీద జరిగిన అధ్యయనం ఇంకో అడుగు ముందుకేసింది. మొదటి పరీక్షకు చదవకుండా వాయిదా వేసినవాళ్లలో, తమను తాము క్షమించుకున్నవాళ్లు రెండో పరీక్షకు తక్కువ వాయిదా వేశారు. మనల్ని మనం వదిలేస్తే బద్ధకం పెరుగుతుందని చాలామంది భయం. ఇక్కడ తేలింది దానికి తలకిందులు.

అయితే ‘ఇక నా వల్ల కాదు’ అన్న ప్రతిసారీ లేచిపోనక్కర్లేదు. ఒకే సిట్టింగ్‌లో చివరికొచ్చేసరికి తమ ఆలోచనల్లో పస తగ్గిపోతుందని జనం అనుకుంటారు, నిజానికి అలా తగ్గడం లేదని 2020లో లూకాస్, నార్డ్‌గ్రెన్ చూపించారు. గంట తర్వాత వచ్చే విసుగును అంతగా నమ్మక్కర్లేదు. వారాల తరబడి దేని మీదా ఆసక్తి పుట్టకపోవడం వేరు. అది రాత దగ్గరే ఆగకుండా తిండి, నిద్ర, మనుషుల దాకా పాకితే డాక్టరును కలవాల్సిన విషయం.

సెలవు తీసుకుంటున్నా కథ బుర్రలో గిరగిరా తిరుగుతూనే ఉంటే ఏం చేయాలి? మసికాంపో, బామైస్టర్ 2011లో దీన్ని పరీక్షించారు. పూర్తికాని పని మనసులో దూరి వేరే పనిని చెడగొడుతుంది. కానీ ఆ పనిని ఎప్పుడు, ఎలా చేస్తామో ఒక ప్లాన్ వేసుకుంటే చాలు, పని పూర్తికాకపోయినా ఆ గోల తగ్గిపోయింది. కాబట్టి లేచే ముందు ఒక కాగితం మీద మళ్లీ మొదలుపెట్టే తేదీ, తెరవాల్సిన సన్నివేశం, వీలైతే అందులోని మొదటి వాక్యం రాసి పెట్టుకోండి. ఆ కాగితం ఎక్కడ పెట్టారో మాత్రం మరిచిపోకండి!