కరకంబాడి బ్యాటరీ వెనుక నలభై ఏళ్ల పొత్తులు

తిరుపతి దగ్గరి కరకంబాడిలో బ్యాటరీలు తయారుచేసే అమరరాజా సంస్థ తన లిథియం బ్యాటరీ కర్మాగారాన్ని తెలంగాణలోని దివిటిపల్లిలో నెలకొల్పి, పదేళ్లలో రూ.9,500 కోట్లు వెచ్చిస్తామని 2022 డిసెంబరులో ప్రకటించినప్పుడు, మనకు దక్కవలసింది చేజారిందని తిరుపతిలో బాధపడినవారున్నారు. ఆ బాధ న్యాయమైనదే. ఇంతకీ ఆ పరిశ్రమ ఇక్కడ ఎలా వేళ్లూనుకుందో తెలిస్తేనే చేజారినదేదో, మిగిలినదేదో తేలుతుంది.

అమెరికా నుంచి తిరిగివచ్చిన గల్లా రామచంద్ర నాయుడు 1985లో, నాటి ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఈ సంస్థను ఆరంభించారు. పాత సీసం బ్యాటరీకి మూతలు విప్పి, గడిగడికీ మట్టం చూసి, ఆమ్లం చేతిమీద చిందకుండా డిస్టిల్డ్ వాటర్ పోయవలసి వచ్చేది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు ఊరూరా విస్తరిస్తున్న రోజుల్లో ఆ చాకిరీ చేసే మనుషులు ప్రతిచోటా దొరకరు కనుక, ఆ ఆమ్లాన్ని గాజునూలు పొరలో ఇంకించి, పుట్టిన వాయువును లోపలే తిరిగి నీరుగా మార్చే సీలు బ్యాటరీలపై కరకంబాడి దృష్టి పెట్టింది.

తర్వాతి అడుగు వాహనాల బ్యాటరీలు. 1997లో అమెరికాకు చెందిన జాన్సన్ కంట్రోల్స్‌తో చెరి 26 శాతం వాటాతో పొత్తు కుదిరింది. 2000లో ఆ సంస్థ వాహన బ్యాటరీ అమరాన్ మార్కెట్‌లోకి వచ్చింది. భాగస్వామికి సాంకేతికత ఉంది, ఇక్కడివారికి మన ఎండలు, గతుకుల రోడ్లు, డీలర్ల అవసరాలు తెలుసు. ఒకరి లోటును మరొకరు పూడ్చినందువల్లే ఆ పొత్తు రెండు దశాబ్దాలు నిలిచిందని నా అభిప్రాయం. 2019లో ఆ ఒప్పందం ముగిసింది. నేర్చిన పని మాత్రం కరకంబాడిలోనే ఉండిపోయింది.

ఈలోగా 2018లో ఇస్రో, తన లిథియం అయాన్ సెల్ పరిజ్ఞానాన్ని ఏ ఒక్కరికో కట్టబెట్టకుండా, అర్హమైన సంస్థలన్నింటికీ తలా కోటి రూపాయలకు ఇవ్వజూపింది. దాన్ని అందుకున్న అమరరాజా 2021లో తిరుపతిలో సెల్ పరిశోధన కేంద్రాన్ని తెరిచింది. రాగి, అల్యూమినియం రేకులపై పలుచగా రసాయనాల ముద్ద పూసి, తేమ సోకని గదిలో చిన్న సెల్ కట్టి, దాన్ని వందలసార్లు నింపి, ఖాళీ చేసి చూడటమే అలాంటి చోట జరిగే పని. ఇందులో విఫలమైన సెల్ కూడా లెక్కలోకి వస్తుంది.

2015లో తిరుపతిలో మొదలైన ఐఐటీ, విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థ ఐసర్ ఇప్పుడు దగ్గరలోని ఏర్పేడులో ఉన్నాయి. కొత్త సాంకేతికతలను ప్రోత్సహించే నవావిష్కార్ ఐ-హబ్ కూడా ఐఐటీకి ఉంది. ఇంత దగ్గరలో ఇన్ని ఉన్నా, చిన్న వర్క్‌షాపు యజమాని తాను చేసిన విడిభాగాన్ని పరీక్షించుకోవడానికి ఏ గడప తొక్కాలో స్పష్టంగా చెప్పగల ఏర్పాటు కావాలి. దివిటిపల్లికి వెళ్లినది లిథియం బ్యాటరీల ఉత్పత్తి. ఈ తలుపు తెరవడం ఇంకా తిరుపతి చేతుల్లోనే ఉంది.