కావేరి నీళ్లు, కోలారు బంగారం

బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది 1905లో. అంతకు మూడేళ్ల ముందే, 1902 జూన్ 30న, కోలారు బంగారు గనులకు కరెంటు చేరింది. అది పుట్టింది గనులకు దాదాపు 147 కిలోమీటర్ల దూరాన, కావేరి కిందికి దూకే శివనసముద్రంలో. బెంగళూరు కంటే ముందు గనికెందుకు ఇచ్చినట్టు?

కోలారు బంగారం చాలావరకు క్వార్ట్జ్ రాతిలో సన్నని రేణువులుగా ఉండేది. టన్ను రాయిని పిండి చేస్తే చేతికొచ్చేది కొద్దిపాటి బంగారమే. ఆ రాయిని తొలవాలి, పైకి లాగాలి, దంచాలి, అడుగున ఊరే నీటిని తోడిపోయాలి. అన్నిటికీ ఆవిరి యంత్రాలే దిక్కు. వాటికి కట్టెలో, దూరం నుంచి తెచ్చిన బొగ్గో కావాలి. గని లోతుకు దిగేకొద్దీ ఆ ఖర్చూ పెరిగేది. (2001లో మూతపడే నాటికి ఆ లోతు 3 కిలోమీటర్లు దాటింది.)

పడే నీటితో టర్బైను తిప్పడం అప్పటికే తెలిసిన విద్య. కష్టమంతా ఆ కరెంటును అంత దూరం పంపడంలో ఉంది. తీగ వేడెక్కి పోయే నష్టం, ప్రవాహం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. వోల్టేజీని పదింతలు చేస్తే, అదే శక్తికి పదోవంతు ప్రవాహం చాలు. నష్టం నూరోవంతుకు దిగుతుంది. అందుకే సుమారు 35 వేల వోల్టులకు పెంచి పంపారు. అప్పటికి ప్రపంచంలోని అతి పొడవైన లైన్లలో అదొకటి. ఈ పనికి పూనుకున్న మైసూరు దివాను శేషాద్రి అయ్యర్ మాత్రం ఆ కరెంటు చూడకుండానే 1901లో కన్నుమూశారు.

నన్నడిగితే, లైను కంటే గిరాకీ లెక్క ఆసక్తికరం. ఇళ్ల దీపాలు పొద్దుగూకాక వెలిగి, అందరూ పడుకోగానే ఆరిపోతాయి. పగలంతా యంత్రాలు ఖాళీ. గని అలా కాదు, రేయింబవళ్లు వాడుతుంది, వాడినంతకీ డబ్బు కడుతుంది. అలాంటి ఖాతాదారు ఉంటేనే అంత పెట్టుబడికి ధైర్యం వస్తుంది.

చిక్కూ అక్కడే వచ్చింది. గని ఆగదు, కావేరేమో ఎండాకాలంలో సన్నబడుతుంది. ఏడాది పొడవునా టర్బైన్లకు నీరందాలంటే ఎగువన నిల్వ చేయాల్సిందే. 1911లో మొదలైన కన్నంబాడి ఆనకట్ట (ఇప్పటి కృష్ణరాజ సాగర్) లక్ష్యాల్లో సాగునీటితో పాటు ఇదీ ఒకటి. దిగువన ఉన్న మద్రాసు ప్రభుత్వం తమ పొలాలకు నీరు తగ్గుతుందని అడ్డుపడింది. ఆ పేచీ తెగి ఒప్పందం కుదిరేసరికి 1924 వచ్చింది.