బోనస్ వార్త చూసి కోపం వస్తోందా? ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్తుందో చూడండి: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో ఇరవై ఏళ్లకు పైగా జీతాల బిల్లులు చేశాను. 2020 అక్టోబర్ 21న కేంద్ర కేబినెట్ బోనస్‌కు 3,737 కోట్లు మంజూరు చేసిందని టీవీలో వచ్చిన సాయంత్రం, మా అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర ఒకాయన ఆపి అడిగారు: "కరోనాలో మాకు సగం జీతమే ఇస్తున్నారండీ. మీ పెద్దాఫీసర్లకు మాత్రం బోనస్సా?" ఆయన ప్రైవేటు స్కూల్లో టీచరు. ఆ కోపం న్యాయమైనదే. కాకపోతే తగలాల్సిన చోట తగలలేదు.

అపోహ: ఆ కోట్లు ఐఏఎస్‌లు, కార్యదర్శులు పంచుకున్నారు.

వాస్తవం: అందులో ఒక్క రూపాయి కూడా వాళ్లది కాదు. అది 30.67 లక్షల మంది నాన్‌గెజిటెడ్, అంటే గెజిటెడ్ అధికారి హోదా లేని, ఉద్యోగులకు వచ్చిన డబ్బు. మా ఆఫీసు లాంటి చోట ఇచ్చేది అడ్‌హాక్ బోనస్, అంటే ఉత్పత్తితో ముడిపెట్టకుండా ఇచ్చే 30 రోజుల బోనస్. జీతం ఎంతున్నా లెక్కకు తీసుకునేది నెలకు 7,000 మాత్రమే. దాన్ని 30తో గుణించి, నెలకు సగటు రోజులైన 30.4తో భాగిస్తే 6,907.89, రౌండ్ చేస్తే 6,908. దసరా ముందు బిల్లులో అటెండర్ ఎదురుగా ఇదే అంకె, యూడీసీ గుమాస్తా ఎదురుగా ఇదే అంకె వేసేవాణ్ని. మా డైరెక్టర్ పేరు ఆ బిల్లులో ఎప్పుడూ లేదు. ఉన్నతాధికారులకు బోనస్ ఇచ్చే పద్ధతి బ్రిటన్‌లో ఉంది. 2010లో పొదుపు చర్యలు మొదలయ్యాక అక్కడ సీనియర్ సివిల్ సర్వెంట్లలో పావు వంతు మందికే దాన్ని పరిమితం చేశారు.

అపోహ: కరోనా కాలపు పొదుపు సెగ పైవాళ్లకు తగల్లేదు.

వాస్తవం: తగిలింది. కేంద్రం మూడు డీఏ (కరువు భత్యం) విడతలు ఆపింది. కార్యదర్శికీ అటెండర్‌కీ ఒకే రూలు. 2021 జులైలో డీఏను 17 నుంచి 28 శాతానికి పెంచారు గానీ, 18 నెలల బకాయి ఇవ్వలేదు. 2020 మార్చి జీతంలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఐఏఎస్, ఐపీఎస్‌లకు 60 శాతం ఆపాయి.

అయితే శాతం ఒకటే అయినంత మాత్రాన కష్టం ఒకటే అయిపోదు. 18,000 మూలవేతనం మీద 4 శాతం డీఏ అంటే నెలకు 720 రూపాయలు, అప్పట్లో ఇంచుమించు ఒక గ్యాస్ బండ ధర. మా అటెండర్ ఇంట్లో అది పెద్ద లెక్కే.

అపోహ: ఆ రెండు రాష్ట్రాలు ఆపిన జీతం మునిగిపోయినట్టే.

వాస్తవం: అది వాయిదా మాత్రమే, తర్వాత ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్ విషయంలో 6 శాతం వడ్డీ కట్టాలని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.

అపోహ: ప్రభుత్వ రంగంలో పైవాళ్లకు బోనస్ అన్నదే లేదు.

వాస్తవం: ఇది మా ఉద్యోగులు చెప్పే మాట, ఇదీ తప్పే. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల్లో పీఆర్‌పీ అని పనితీరు వేతనం ఉంది. 2017 మార్గదర్శకాల ప్రకారం పెద్ద సంస్థల అధిపతికి (సీఎండీకి) ఏడాది మూలవేతనంలో 150 శాతం దాకా రావచ్చు. కింది మెట్టు ఎగ్జిక్యూటివ్‌కు 40 శాతమే. ఇలా ఇచ్చేదంతా కలిపి సంస్థ లాభంలో 5 శాతం దాటకూడదు, నష్టాల్లో ఉంటే ఇవ్వరు. పైమెట్టుకీ కిందిమెట్టుకీ ఇంత తేడా ఎందుకు, పనితీరుకు రేటింగ్ ఎవరు వేస్తున్నారు అని నిలదీయాల్సింది ఇక్కడే.

ఆ సాయంత్రం టీచరు గారికి కాగితం మీద 6,908 లెక్క వేసి చూపించాను. "మరి లాభాలొచ్చే కంపెనీల్లో?" అని ఆయనే అడిగారు. ఫోన్‌లో ఒక సంస్థ వార్షిక నివేదిక తెరిచి, డైరెక్టర్ల జీతభత్యాల పట్టిక వెతికి ఇచ్చాను. మెట్ల మీదే కూర్చుని ఒక్కో వరసా చదివారు.